వెనక సీట్లవాళ్లం ఎవరికీ బాకీ లేం

అమెరికాలో పిల్లలున్నవాళ్ల ఇళ్లలో ఏ ఫంక్షన్‌కి పోయినా ఈ మాట వినిపిస్తుంది: "బిజినెస్ క్లాసువాళ్లు లక్షలు పోసి కొంటున్నారు కాబట్టే మనకి ఎకానమీ టికెట్ ఈ రేటుకి వస్తోంది." డల్లాస్‌లో ఉండే మా బావమరిది అయితే ఇది ఎప్పుడో ఋజువైపోయిన విషయమన్నట్టు చెప్తాడు. ముందు పడుకుని పోయేవాళ్లు వెనక కూర్చుని పోయేవాళ్లని మోస్తున్నారట. కాబట్టి కర్టెన్ అవతలివాళ్లని చూసి కుళ్లుకోకూడదట, వీలైతే ఒక దండం పెట్టుకోవాలట.

ఆ దండం దగ్గరే నాకు పేచీ.

నేను నెల్లూరులో అకౌంట్లు చూసుకుని బతికేవాణ్ణి. రొయ్యల ఎగుమతి కంపెనీలు, తీరం వెంబడి హేచరీలు (రొయ్య పిల్లల్ని పుట్టించే చోట్లు), రెండు మూడు రైసు మిల్లులు నా దగ్గర ఉన్నాయి. వాళ్ల విమానం టికెట్ల బిల్లులు కూడా నా టేబుల్ మీదికే వస్తాయి. ఏటా మార్చిలో బోస్టన్‌లో సీఫుడ్ ఎక్స్‌పో ఉంటుంది, ఆ తర్వాత కొద్ది వారాలకి బార్సిలోనాలో ఇంకోటి. మా వైపు ఎగుమతిదార్లలో ఓపికున్నవాళ్లు రెండింటికీ పోతారు. సరిగ్గా అవే రోజుల్లో, అదే ఊరి నుంచి, కూతురి పురుడు పోసి రావడానికి పచ్చళ్లు ప్యాక్ చేయించుకుని ఎవరో ఒక భార్యాభర్తలు బయల్దేరతారు. అందరూ అదే హైవే మీద చెన్నైకి పోవాల్సిందే (ఏళ్లుగా మాటల్లోనే ఉన్న మా దగదర్తి ఎయిర్‌పోర్టు గురించి మా ఊళ్లో ఎవర్నీ అడక్కండి, నవ్వుతారు). అదే విమానం ఎక్కుతారు. ఒకరు ముందుకి పోతారు, ఇంకొకరు వెనక్కి. ఈ రెండు రకాల టికెట్లూ పక్కపక్కన పెట్టుకుని చూసే పని నాది. అలా చూస్తే మా బావమరిది చెప్పేదాంట్లో సగమే నిలుస్తుంది.

నిలిచే సగం ముందు చెప్తాను.

విమాన కంపెనీ అమ్మేది సీటు అనుకుంటాం గానీ, అసలు అమ్మేది నేల. బోయింగ్ 777లో ఇప్పుడు చాలా కంపెనీలు ఎకానమీలో వరసకి పది సీట్లు వేస్తున్నాయి. వరసకీ వరసకీ మధ్య 31, 32 అంగుళాలు. ఎకానమీకీ బిజినెస్‌కీ మధ్య తరగతి అయిన ప్రీమియం ఎకానమీలో వరసకి ఎనిమిది సీట్లు, 38 అంగుళాల దూరం. మంచంలా పూర్తిగా వాలే బిజినెస్ సీట్లయితే వరసకి నాలుగే, ఒక్కో వరసకి 44 అంగుళాలు వేసుకోండి. హెచ్చవేస్తే ప్రీమియం ఎకానమీ సీటు ఒకటిన్నర ఎకానమీ సీట్ల చోటు తీసుకుంటుంది. బిజినెస్ సీటు మూడున్నర సీట్ల చోటు తీసుకుంటుంది. వాళ్ల కోసం అదనంగా పెట్టే వంటగది, టాయిలెట్లు కూడా కలిపితే నాలుగనుకోండి.

ఇక ధర. ప్రీమియం ఎకానమీ తరచుగా ఎకానమీకి రెట్టింపు దగ్గర ఉంటుంది. బిజినెస్ మూడు నుంచి ఐదు రెట్లు. అంటే చదరపు అడుగు లెక్కన చూస్తే బిజినెస్ క్లాసు మంచి రేటుకి నిండిన రోజున ఎకానమీ కంటే కాస్త పైన ఉంటుంది, డిస్కౌంట్లకి అమ్మిన రోజున దాంతో సమానంగానో కిందనో ఉంటుంది. జనం అనుకునేంత బంగారు గని కాదు. గని అంటే ప్రీమియం ఎకానమీయే. ఒకటిన్నర సీట్ల చోటు ఇచ్చి, భోజనం కాస్త మార్చి, రెండు టికెట్ల డబ్బు తీసుకుంటున్నారు. తైవాన్‌కి చెందిన ఈవీఏ ఎయిర్ 1991లో, వర్జిన్ అట్లాంటిక్ 1992లో మొదలుపెట్టిన ఈ తరగతి ఇప్పుడు దాదాపు ప్రతి పెద్ద కంపెనీలోనూ ఎందుకుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఎయిరిండియా 777-300ఈఆర్‌లో 4 ఫస్ట్, 35 బిజినెస్, 303 ఎకానమీ సీట్లుండేవి, మధ్యలో ఏమీ లేదు. అదే కంపెనీ కొత్త ఏ350కి వచ్చేసరికి ఫస్ట్ పోయింది. 28 బిజినెస్, 24 ప్రీమియం ఎకానమీ, 264 ఎకానమీ అయ్యాయి. ఫస్ట్ క్లాసు పోవడానికి కారణం కూడా సొంతవాళ్లే. 2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాసులోనే పూర్తిగా వాలే పడక ఇచ్చింది, మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. పడక అక్కడే దొరికాక ఇంకా ముందుకి పోయి ఎందుకు కొనాలి?

మరి ముందు క్యాబిన్ లేకుండా ఒట్టి ఎకానమీతో అంత దూరం నడపొచ్చు కదా? అలాగో, ముందు కొద్దిపాటి సీట్లు మాత్రమే పెట్టో నడిపి చూశారు. ఫ్రెడ్డీ లేకర్ 1977లో లండన్, న్యూయార్క్ మధ్య స్కైట్రెయిన్ అని చవక సర్వీసు పెట్టాడు, 1982లో దివాలా తీశాడు. ఎయిర్ ఏషియా ఎక్స్ 2012లో లండన్ సర్వీసు మానుకుంది. ఐస్‌లాండ్‌కి చెందిన వావ్ ఎయిర్ 2019లో మూతపడింది. నార్వేజియన్ 2021లో దూరప్రయాణాల నుంచి పూర్తిగా తప్పుకుంది. కారణం వెతకాలంటే కువైట్ విమానాలు చూస్తే చాలు. మా జిల్లా నుంచీ పక్కన కడప నుంచీ కువైట్ పోయేవాళ్లు ఎక్కువ. నాలుగైదు గంటల ఆ దూరానికి ఒట్టి ఎకానమీ విమానం బాగానే గిట్టుబాటవుతుంది. చిన్న విమానాన్ని గంటలోపే మళ్లీ తిప్పి పంపి, రోజుకి ఇంకో ట్రిప్పు ఎక్కువ కొట్టడంలోనే చవక కంపెనీల లాభమంతా ఉంది. పదిహేను గంటల ప్రయాణంలో ఆ కిటుకు పనిచెయ్యదు. పెద్ద కంపెనీ విమానమైనా చవక కంపెనీ విమానమైనా రోజంతా గాల్లోనే ఉంటుంది. పైగా ఆయిల్ ఖర్చు అందరికీ ఒకటే.

అయితే దీనికి అటువైపు కూడా ఉంది. ఒట్టి బిజినెస్ క్లాసు మాత్రమే పెట్టుకుని లండన్, న్యూయార్క్ మధ్య దిగిన మూడు కంపెనీలు ఆరు నెలల్లో వరసగా పోయాయి: మ్యాక్స్‌జెట్ 2007 డిసెంబరులో, ఇయాస్ 2008 ఏప్రిల్‌లో, సిల్వర్‌జెట్ 2008 మేలో. సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన ఊరి నుంచి న్యూయార్క్ పక్కనున్న నెవార్క్‌కి వంద బిజినెస్ సీట్ల విమానం నడిపి 2013లో ఆపేసింది. 2018లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ సీట్లు పెట్టింది. అసలు ఎకానమీయే లేదు. సుమారు 15,300 కిలోమీటర్లు ఆగకుండా పోవాలంటే మనుషుల బరువు, సామాన్ల బరువు తగ్గాలి, ఆయిల్‌ని మోయడానికి మళ్లీ ఆయిల్ కావాలి కాబట్టి. అదే రకం విమానం మామూలు దూరాలకి 253 సీట్లతో తిరుగుతుంది. నెవార్క్ లాంటి చోట్లు తప్పిస్తే ముందువాళ్లతో మాత్రమే విమానం లేవదు, వెనకవాళ్లతో మాత్రమే కూడా లేవదు.

విమానం పొట్టలో వేసే కార్గో తెచ్చే డబ్బు సంగతి మనవాళ్లు అసలు లెక్కలోకే తీసుకోరు. మా తీరంలో హేచరీలన్నీ బతికేది వనామీ అనే రొయ్య మీద. 2009లో ఆ రొయ్యకి అనుమతి వచ్చినప్పటి నుంచి తల్లి రొయ్యలు, అంటే బ్రూడర్లు, హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానాల్లోనే చెన్నైకి వస్తున్నాయి. నీలాంకరైలో క్వారంటైన్ అయ్యాక మా వైపు వస్తాయి. వాటి బాడుగ బిల్లు చూసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది, నీటి సంచిలో పడుకుని వచ్చే ఈ ప్రయాణికులకి కృతజ్ఞత చెప్పమని మాత్రం ఎవరూ అనరేమా అని.

ఇప్పుడు ఎవరు ఎవర్ని మోస్తున్నారన్న ప్రశ్నకి వద్దాం. అకౌంట్లు తెలిసినవాళ్లకి ఇది పాత తగాదాయే. రైసు మిల్లులో వడ్లు ఆడిస్తే బియ్యం వస్తాయి, నూకలు వస్తాయి, తవుడు వస్తుంది, ఊక వస్తుంది. వడ్ల ఖరీదులో తవుడు వాటా ఎంత? బరువు లెక్కన పంచితే ఒక అంకె, అమ్మకం ధర లెక్కన పంచితే ఇంకో అంకె. రెండూ తప్పు కాదు, రెండూ సత్యమూ కాదు. తవుడు అమ్ముడుపోకపోతే బియ్యం రేటు పెరుగుతుందన్నది నిజమే. అంతమాత్రాన బియ్యం తినేవాడు తవుడు కొనే నూనె మిల్లువాడికి దండం పెట్టాల్సిన పనేముంది? విమానం కూడా ఇంతే. ఖర్చుని తలకి పంచితే ముందువాళ్లు వెనకవాళ్లని మోస్తున్నట్టు కనిపిస్తుంది. నేలకి పంచితే ఎవరూ ఎవర్నీ మోయరు, మహా అయితే ప్రీమియం ఎకానమీవాడు అందర్నీ మోస్తాడు. మీకు కావలసిన జవాబుని బట్టి లెక్క ఎంచుకోవచ్చు. మా బావమరిది తలలెక్క ఎంచుకున్నాడు.

ఇంతవరకూ నేల సంగతి. ధర ఎలా పెడతారన్నది వేరే సంగతి, నా అసలు అభ్యంతరం అక్కడుంది. సుఖాన్ని బట్టి ధర ఉంటుందని మనం అనుకుంటాం. ధర పెట్టేది మన అవసరాన్ని బట్టి. ఎంత ముందుగా తెలుసు, ఎంత ఖాయంగా తెలుసు, వెళ్లకుండా ఉండగలమా, ఇవే ప్రశ్నలు. 1972లో బ్రిటన్ విమాన కంపెనీ బీఓఏసీలో పనిచేసే కెన్ లిటిల్‌వుడ్ దీనికో చిన్న సూత్రం రాశాడు. చవక టికెట్ నలభై వేలు, చివరి రోజు టికెట్ లక్ష అనుకుందాం. చివర్లో లక్ష ఇచ్చేవాడు వచ్చే అవకాశం నలభై శాతం కంటే ఎక్కువుంటే, ఇప్పుడు నలభై వేలు పట్టుకుని నిలబడ్డవాడికి ఆ సీటు ఇవ్వొద్దు, ఖాళీగా ఉంచు. అంతే సూత్రం. ఈ రోజు కంప్యూటర్లు చేసే లెక్కలన్నీ దీని మీద కట్టిన మేడలే. ఒకే క్యాబిన్‌లో సీట్లని వై, బీ, ఎమ్, క్యూ అంటూ అక్షరాలుగా విడగొడతారు. సీటు అదే, ఉప్మా అదే, అక్షరం వేరు, ధర వేరు. పూర్వం శనివారం రాత్రి అక్కడే ఉండి తిరిగొస్తేనే చవక టికెట్ అని షరతు ఉండేది. కంపెనీ పని మీద పోయేవాడు శనివారానికి ఇంటికి రావాలనుకుంటాడు కదా, వాణ్ణి వేరు చెయ్యడానికి పన్నిన వల అది.

ఈ వలలో కంపెనీ మనిషి పడితే నాకు బాధ లేదు. పడేది ఎవరో చూడండి. కావలిలో తండ్రి పోయాడు, కొడుకు న్యూజెర్సీలో ఉన్నాడు. ఆ రాత్రికే టికెట్ కావాలి. చవక అక్షరాలన్నీ ఎప్పుడో అయిపోయాయి. పక్క సీటువాడు మూడు నెలల ముందు కొన్న ధరకి రెండింతలో మూడింతలో ఇచ్చి అతను ఎకానమీలోనే, మధ్య సీట్లో, కర్మకాండకి వస్తాడు. ముందుగా ప్లాన్ చేసుకున్నవాడు అదే డబ్బుతో ప్రీమియం ఎకానమీలో రాగలడు. సీజన్ తోడైతే అంతకంటే ముందు సీటు కూడా దొరకొచ్చు. ఇలాంటి ప్రయాణాలకి ఒకప్పుడు అమెరికాలో రాయితీ ఉండేది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2014లో దాన్ని ఎత్తేసింది, డెల్టా, ఎయిర్ కెనడా లాంటివి కొన్ని ఇంకా ఉంచాయి. ఆ విమానంలో ఎవరైనా ఎవర్నైనా మోస్తున్నారంటే ఆ కొడుకు కూడా మోస్తున్నాడు. అతనికి పడక లేదు, లాంజ్ లేదు. అతనికి ఎవరూ దండం పెట్టమనరు.

ఇక ముందు సీటు ఎవరి డబ్బుతో కొంటున్నారన్నది చూడాలి. మా ఎగుమతిదార్ల టికెట్లు కంపెనీ ఖాతాలో పడతాయి. తప్పేం లేదు, అది వ్యాపారమే. బోస్టన్‌లో దిగిన పొద్దునే కొనుగోలుదారుతో కంటెయినర్ల ధర మాట్లాడాల్సినవాడు నిద్రపోయి దిగడం మంచిదే. 2025లో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లాక ఆ మాటలు మరీ కష్టమయ్యాయి కూడా. కానీ లెక్క చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎకానమీ టికెట్ మీద జీఎస్టీ 5 శాతమే ఉంచి, మిగతా తరగతులన్నిటికీ 12 నుంచి 18 శాతానికి పెంచారు. పేపర్లు ధనవంతుల మీద పన్ను అన్నట్టు రాశాయి. బిజినెస్ టికెట్ మూడు లక్షలనుకుందాం. జీఎస్టీ 54 వేలు. టికెట్ మీద కంపెనీ జీఎస్టీ నంబరు వేయించి, ఆ బిల్లు జీఎస్టీఆర్-2బీలో, అంటే జీఎస్టీ పోర్టల్ చూపించే కొనుగోళ్ల జాబితాలో, కనపడేలా చూసుకుంటే (ఎయిర్‌లైన్స్ చుట్టూ మెయిళ్లు పెట్టి తిరగడం నా ఉద్యోగంలో భాగం) ఆ 54 వేలూ ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే కంపెనీ కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గి, వెనక్కి వస్తాయి, ఎగుమతిదారుకైతే రీఫండ్‌గా కూడా వస్తాయి. మిగిలిన మూడు లక్షలు ఖర్చు కింద రాస్తాం కాబట్టి ఆదాయపన్నులో సుమారు పావు వంతు తగ్గుతుంది. చివరికి కంపెనీ జేబులోంచి పోయింది రెండు లక్షల పాతిక వేలు.

ఇప్పుడు మోకాళ్ల నొప్పులున్న ఒకావిడకి ప్రీమియం ఎకానమీ కొన్నారనుకుందాం. టికెట్ లక్షన్నర, జీఎస్టీ 27 వేలు. ఆమెకి జీఎస్టీ నంబరు లేదు, రాసుకోవడానికి లాభనష్టాల ఖాతా లేదు. మొత్తం లక్షా డెబ్బై ఏడు వేలు అలాగే పోయాయి. పడకకి రెండు లక్షల పాతిక వేలు, కాస్త వెడల్పు కుర్చీకి లక్షా డెబ్బై ఏడు. ధనవంతుల మీద వేశామన్న పన్ను చివరికి కట్టింది ఆవిడ.

దీనికి ఒక జవాబు ఉంది, నిజాయితీగా చెప్పాలి. 2020 తర్వాత కంపెనీ ప్రయాణాలు తగ్గాయి. వీడియో కాల్‌లో అయిపోయే పనికి ఎవరూ టికెట్ కొనడం లేదు. అయినా ముందు క్యాబిన్లు నిండుతున్నాయి, సొంత డబ్బుతో కొనేవాళ్లు పెరిగారు. మన పిల్లలే అమ్మానాన్నలకి కొంటున్నారు. నిజమే. కానీ వాళ్లలో చాలామంది కొనేది క్రెడిట్ కార్డు పాయింట్లతో. ఆ పాయింట్లని బ్యాంకులు ఎయిర్‌లైన్స్ దగ్గర డబ్బిచ్చి కొంటాయి. ఆ డబ్బు దుకాణదారు కట్టే కమిషన్‌లోంచి వస్తుంది, అది సరుకు ధరలో కలిసి నగదు ఇచ్చేవాడి మీద కూడా పడుతుంది. 2020లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన మైలేజ్ ప్లస్ పాయింట్ల పథకాన్ని తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుందంటే ఆ వ్యాపారం ఎంతటిదో చూడండి. ఇదీ పరాయి డబ్బే, కాకపోతే చుట్టు తిరిగి వచ్చింది.

ఎయిర్‌లైన్స్ దోచుకుంటున్నాయని నేను అనడం లేదు. విమాన కంపెనీల ప్రపంచ సంఘం ఐఏటీఏ 2025 జూన్ అంచనా ప్రకారం వాళ్లకి ప్రయాణికుడి మీద సగటున మిగిలేది 7.20 డాలర్లు. మన రూపాయల్లో ఆరేడు వందలు. ఇంత సన్నని లాభంతో బతికేవాడు ఎవరి మీదా జాలిపడి టికెట్ తగ్గించడు. మన ఎకానమీ రేటు తక్కువగా ఉంటే, ఇంకో కంపెనీ దోహా మీదగానో దుబాయ్ మీదగానో అంతకంటే తక్కువకి ఇస్తోంది కాబట్టి తగ్గింది. ముందు క్యాబిన్‌లో వచ్చిన డబ్బు వెనకవాళ్లకి పంచేయాలన్న చట్టమేమీ లేదు.

నా దగ్గరికి టికెట్ల సలహాకి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు, బిల్లులు చూస్తాను కాబట్టి. "అన్నా, అమ్మని బిజినెస్‌లో పంపకపోతే బాగోదంటున్నారు, ఏం చెయ్యమంటావు?" అని అడుగుతారు. ఎవరు అంటున్నారని అడిగితే చుట్టాలు. మోకాళ్ల ఆపరేషన్ అయి, డబ్బుండి, పంపగలిగితే పంపండి, అందులో చర్చేముంది. అంత లేకపోతే ఆ డబ్బుని ఇంకో చోట పెట్టమంటాను. పురుడు తేదీ జరుగుతుంది, వీసా ఆలస్యమవుతుంది, కాబట్టి తేదీ మార్చుకునే వీలున్న టికెట్ మొదటిది. అవసరాన్ని బట్టి ధర పెట్టేవాడితో ఆడేటప్పుడు మన చేతిలో ఉండాల్సిన ముక్క అదే. చెన్నై నుంచి చాలా విమానాలు అర్ధరాత్రి దాటాకే, నెల్లూరు నుంచి కారులో పోయి నేరుగా క్యూలో నిలబడే కంటే పగలు అక్కడే గది తీసుకుని పడుకోవడం రెండోది. నడవ పక్క సీటు, వీల్‌చెయిర్ ముందే చెప్పించడం. ఇంకా మిగిలితే నాలుగు గంటల మొదటి విమానం ఎకానమీలోనే ఉంచి, పధ్నాలుగు పదహారు గంటల రెండోదానికి మాత్రమే ప్రీమియం ఎకానమీ అడగమంటాను. వెబ్‌సైట్లలో ఇది సరిగా కనపడదు, ఫోన్ చేసి అడిగితే చాలా కంపెనీలు ఇస్తాయి.

ఆ 18 శాతం మాత్రం ఎలా అడిగినా తగ్గదు. పన్ను వేసేవాళ్లకి ముందు క్యాబిన్ మీదే గురి ఉంటే పడక సీటుకీ కుర్చీ సీటుకీ తేడా గీయడం కష్టమేమీ కాదు, ప్రతి టికెట్ మీదా క్యాబిన్ అక్షరం అచ్చయి ఉంటుంది. ప్రీమియం ఎకానమీని 5 శాతంలోకి దించి, కావాలంటే బిజినెస్ టికెట్ మీద క్రెడిట్‌ని సగానికి కోయమనండి. నా క్లయింట్లు ఒక నెల నాతో మాట్లాడరు, అది నేను సర్దుకుంటాను.